బేస్‌బాల్ కార్డుల సెట్‌లో ఖాళీలు: ఏది కొనాలి, ఏది ఇంట్లో చేసుకోవాలి

టాప్స్ అనే అమెరికా కంపెనీ 1953లో వేసిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డుల సెట్‌లో నంబర్లు 1 నుంచి 280 దాకా ఉంటాయి. కార్డులు మాత్రం 274. 253, 261, 267, 268, 271, 275 నంబర్లు అసలు అచ్చే కాలేదు. ఎంత డబ్బు పోసినా, ఎన్నేళ్లు వెతికినా ఆ ఆరు అరలూ నిండవు. అదే సెట్‌లో 82వ నంబరుగా పేరుమోసిన ఆటగాడు మికీ మాంటిల్ ఉన్నాడు. ఆ కార్డు దొరుకుతుంది, కానీ ధర వింటే గుండె గుభేలుమంటుంది. బైండర్ తెరిస్తే రెండు ఖాళీలూ ఒకేలా కనిపిస్తాయి. రెంటికీ మందు మాత్రం ఒకటి కాదు.

ఇంట్లో కార్డులు తయారు చేసుకోవాలనుకునేవాళ్లు చాలామంది ఏ ప్రింటర్ వాడాలి, ఏ కాగితం కొనాలి అని మొదలుపెడతారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: ఆ కార్డు అసలు ఎప్పుడైనా పుట్టిందా? పుట్టి ఉంటే ఎంత నలిగిపోయినదైనా సరే, కొనుక్కోండి. పుట్టకపోతే మీరే చేసుకోండి. ఇదే నా సలహా. కింద చెప్పేవన్నీ దీన్నుంచి వచ్చినవే.

ఉంది కానీ అందదు

2022లో టీ206 అనే 1909–11 నాటి సిగరెట్ కార్డుల సెట్‌లోని హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడాది ఆగస్టులో 1952 టాప్స్ మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లు పలికింది. ఈ అంకెలు చూసి పాత కార్డులు మనకు కావులే అని వదిలేయకండి. మాంటిల్‌కు అంత ధర పలికింది ఆ కార్డు దాదాపు మచ్చ లేకుండా ఉన్నందుకు. మూలలు గుండ్రంగా అరిగి, మధ్యలో మడత పడి, ముఖం మీద ఎవరో పిల్లాడు పెన్నుతో గీసిన కార్డు ధర అందులో ఏ మూలకూ రాదు. 1950ల నాటి మామూలు ఆటగాళ్ల కార్డులు ఆ స్థితిలో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. పెద్ద స్టార్లవి అంత చవగ్గా రావు. అయినా వాటిలోనూ మంచి ప్రతికీ నలిగిన ప్రతికీ మధ్య తేడా చాలా ఉంటుంది. గ్రేడ్ మీద, అంటే కార్డు ఎంత బాగుందన్న దాని మీద, పట్టుదల తగ్గించుకుంటే, పోయాయనుకున్న ఖాళీల్లో చాలావరకు నిజమైన కార్డులతోనే నిండుతాయి.

అదీ కుదరదంటే రెండో దారి కంపెనీ వేసిన రీప్రింట్. 1952 సెట్‌ను టాప్స్ 1983లో మళ్లీ అచ్చు వేసింది. అసలు సెట్‌లో 407 కార్డులు, ఇందులో 402. మిగతా ఐదుగురి అనుమతి దొరకలేదు. ఇందులో నాకు నచ్చేది దాని నిజాయితీ. అసలు కార్డు 2.625 × 3.75 అంగుళాలు, రీప్రింట్ 2.5 × 3.5. వెనక రీప్రింట్ అని అచ్చయి ఉంటుంది. పక్కపక్కన పెడితే పిల్లలు కూడా పోల్చుకుంటారు. పైగా మామూలు తొమ్మిది అరల పేజీలో చక్కగా కూర్చుంటుంది. అసలు 1952 కార్డులకైతే ఎనిమిది అరల పేజీలు వేరే కొనాలి.

ఇక మూడో దారి, అసలు కార్డును స్కాన్ చేసి అచ్చం అలాగే ఇంట్లో ప్రింట్ తీయడం. ఇది వద్దనే చెబుతాను. మీ మనసులో మోసం లేకపోవచ్చు. కానీ కార్డు మనకన్నా ఎక్కువకాలం బతుకుతుంది. మీ తరవాత ఆ బైండర్ ఎవరి చేతికి వెళ్తుందో, ఏ పాత సామాన్ల సంతలో ఎవరు అసలుదనుకుని కొంటారో మీకు తెలియదు. భూతద్దం కింద పెడితే తేడా బయటపడే మాట నిజమే. పాత ఆఫ్‌సెట్ అచ్చులో చుక్కలు ఒక క్రమంలో, చిన్నచిన్న పువ్వుల్లా పేర్చినట్టు ఉంటాయి. ఇంక్‌జెట్ చుక్కలు ఇసుక చల్లినట్టు చెదిరిపోయి ఉంటాయి. నల్ల దీపం (అల్ట్రావయొలెట్ లైటు) వేస్తే ఈ కాలపు తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది, 1950లకు ముందు కాగితం మెరవదు. కానీ కొనే ప్రతివాడి దగ్గరా భూతద్దం, నల్ల దీపం ఉండవు కదా. ఖాళీ అర మరీ కళ్లకు గుచ్చుకుంటుంటే, నంబరూ పేరూ రాసి, నలుపు తెలుపులో చిన్న బొమ్మ వేసిన చీటీ పెట్టుకోండి. అసలుది వచ్చినప్పుడు దాన్ని తీసేయవచ్చు.

ఎప్పుడూ లేని కార్డులు

ఇంట్లో చేసే కార్డుకు అసలైన చోటు ఇదే. ఇక్కడ మీరు ఎవరి వస్తువుకూ నకలు తీయడం లేదు, చరిత్రలో జారిపోయిన దాన్ని పూరిస్తున్నారు. ఇలాంటి ఖాళీలు ఎందుకు పడ్డాయో తెలుసుకుంటే చేయడంలో సరదా రెట్టింపవుతుంది.

ఎక్కువ భాగం కాంట్రాక్టుల వల్ల పడినవే. 1954, 1955లో మాంటిల్ బౌమన్ కంపెనీకి కట్టుబడ్డాడు, అందుకే ఆ రెండేళ్ల టాప్స్ సెట్లలో లేడు. స్టాన్ మ్యూజియల్ టాప్స్ కార్డు మీదకు ఎక్కింది 1958లో, అదీ ఆల్‌స్టార్ కార్డుగా. 1959లో టెడ్ విలియమ్స్ ఫ్లియర్ అనే ఇంకో కార్డుల కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. దాంతో అతని చివరి రెండు సీజన్లకు, అంటే 1959, 1960లకు, టాప్స్ కార్డు లేదు. సొంతంగా కార్డు చేసుకోవాలనుకునేవాళ్లకు ఈ మూడూ మంచి మొదలు.

కొన్ని ట్రేడ్‌ల వల్ల, అంటే జట్లు ఆటగాళ్లను మార్చుకోవడం వల్ల, పడ్డాయి. రెజ్జీ జాక్సన్ 1976 సీజన్‌లో బాల్టిమోర్ ఓరియోల్స్‌కు ఆడాడు. ఆ ఏడాది టాప్స్ కార్డులో ఓక్లండ్ దుస్తుల్లో ఉన్నాడు, మరుసటి ఏడాది కార్డులో యాంకీస్ దుస్తులు రంగుతో దిద్దారు. ఓరియోల్స్ ఆటగాడిగా మామూలు టాప్స్ సెట్‌లో అతని కార్డే లేదు. ఈ ఖాళీకి రూపం కూడా టాప్స్ ముందే ఇచ్చిపెట్టింది. 1976లో జట్లు మారినవాళ్లకు ట్రేడెడ్ సెట్ అని వేరేగా వేశారు. పైన పత్రిక హెడ్డింగులా ‘స్పోర్ట్స్ ఎక్స్‌ట్రా’ అని ఉంటుంది, నంబరు పక్కన టీ అక్షరం ఉంటుంది. రెజ్జీ అసలు నంబరు 500. మీరు చేసే కార్డుకు 500టీ అని వేస్తే ఆ వరసలో చక్కగా ఒదిగిపోతుంది.

కొన్ని ఖాళీల వెనక అన్యాయం ఉంది. నల్లజాతివాళ్లను మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు ఆడుకున్నవి నీగ్రో లీగులు. వాటిలో ఆడినవాళ్లకు తమ ఆట రోజుల్లో అమెరికా కంపెనీలు దాదాపుగా కార్డులు వేయలేదు. జాష్ గిబ్సన్ అంతటి బ్యాటర్‌కు కూడా అంతే. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ ఆ లీగులను మేజర్ లీగులుగా గుర్తించింది, 2024లో వాటి లెక్కలను అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో .372తో గిబ్సన్ అందరికన్నా పైకి వచ్చాడు. పిల్లలతో కలిసి కార్డు చేయాలనుకుంటే నేనైతే గిబ్సన్‌తో మొదలుపెట్టమంటాను. ఆ కార్డు ఎందుకు లేదు అని పిల్లలు అడుగుతారు, చెప్పాల్సిన కథ అక్కడే ఉంది.

మోరీ విల్స్, 1962

ఒక కార్డును దగ్గరగా చూద్దాం. మోరీ విల్స్ డాడ్జర్స్ జట్టులో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్). 1962లో 104 బేసులు దొంగిలించి (బంతిని ఎవరూ కొట్టకుండానే అదను చూసి తరవాతి బేసుకు పరుగెత్తి) 1915 నుంచి టై కాబ్ పేరిట ఉన్న 96 రికార్డును బద్దలుకొట్టాడు, నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. మైనర్ లీగుల్లో ఉన్నప్పుడు ఇతను పైకి రాడులే అని టాప్స్ కాంట్రాక్టు ఇవ్వలేదు. ఆ కోపం విల్స్ మరిచిపోలేదు. 1963లో ఫ్లియర్ సెట్‌లో కనిపించాడు గానీ, టాప్స్ మామూలు సెట్‌లోకి వచ్చింది 1967లోనే. ఈలోగా జట్టు కూడా మారిపోయాడు. 1975లో టాప్స్ పాత ఎంవీపీల కార్డు బొమ్మలతో ఒక వరస వేసినప్పుడు 1962కు విల్స్ కార్డు కావాల్సి వచ్చింది. లేని కార్డును వాళ్లే తయారుచేసి అచ్చులో పెట్టారు! కంపెనీయే కస్టమ్ కార్డు చేసిందంటే ఇక మనం సంకోచించడం దేనికి?

1962 డిజైన్ చెక్క పలక మీద ఫొటో అంటించినట్టు ఉంటుంది. ఫొటో కింది కుడి మూల చుట్టుకుని పైకి లేచినట్టుంటుంది, ఆ లేచిన చోట పేరు, జట్టు, స్థానం. చెక్క గీతలు ఏదైనా ఫర్నిచర్ ఫొటోలోంచి తెచ్చిపెడితే అతకవు. అదే సెట్‌లోని ఒక చవక కార్డు కొని, 600 డీపీఐలో స్కాన్ చేసి, అంచు భాగాన్ని మాత్రమే తీసుకుని శుభ్రం చేసుకోవాలి.

వెనక వైపు చాలామంది తప్పటడుగు వేస్తారు. 1962 కార్డు కదా అని 104 దొంగతనాలు గొప్పగా రాసేస్తారు. ఆ సెట్ దుకాణాల్లోకి వచ్చేనాటికి సీజన్ ఆడనే లేదు! వెనక ఉండాల్సింది 1961 వరకు లెక్క: 1960లో 50, 1961లో 35 దొంగతనాలు, రెండేళ్లూ లీగులో అతనిదే పైచేయి. నంబరు సంగతికి వస్తే, ఆ సెట్ 598తో ముగుస్తుంది. మీ విల్స్‌కు 599 ఇవ్వండి. చెక్‌లిస్టులో ఎవరి చోటూ లాక్కోకుండా చివరి కార్డు పక్కన కూర్చుంటాడు. దాన్ని చూడగానే ఇది తరవాత చేసిందని తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది.

ఎలా చేయాలి: నాలుగు దారులు

పాత కార్డు ముందు వైపు కాస్త నునుపు, వెనక గరుకు అట్ట. ఈ తేడా చేతికి తగలాలంటే ఇంటి ఇంక్‌జెట్‌ను మించింది లేదు. 1950ల నుంచి 1980ల డిజైన్లకు నా మొదటి ఓటు దీనికే. ముందు బొమ్మను సెమీగ్లాస్ కాగితం మీద, వెనక బొమ్మను పూతలేని కార్డ్‌స్టాక్ మీద విడివిడిగా తీసి అతికించాలి. ఒకే మందపాటి కాగితానికి రెండు వైపులా ప్రింట్ తీస్తే ముందూ వెనకా కుదరడం కష్టం, పైగా చాలా ప్రింటర్లు మందపాటి అట్టను లాగలేవు. 176 జీఎస్ఎం కాగితాలు రెండు అతికిస్తే మందం సరిపోతుంది, 35 పాయింట్ టాప్‌లోడర్‌లో (కార్డు దాచే గట్టి ప్లాస్టిక్ తొడుగులో) బిగుసుకోకుండా వెళ్తుంది.

కార్డు కొలత 2.5 × 3.5 అంగుళాలు. 300 డీపీఐలో 750 × 1050 పిక్సెళ్లు. చుట్టూ పావు అంగుళంలో సగం అదనంగా వదిలితే 825 × 1125 అవుతుంది, కోత కాస్త పక్కకు జరిగినా తెల్ల గీత కనపడదు. 1957కు ముందు సెట్లు ఈ కొలతలో ఉండవు. 1952 నుంచి 1956 వరకు టాప్స్ పెద్దవి, 1933లో గౌడీ కంపెనీ వేసిన కార్డులు 2.375 × 2.875 అంగుళాలు. ఏ సెట్‌లో పెడతారో ఆ కార్డునొకదాన్ని స్కేలుతో కొలిచాకే ఫైలు తెరవండి.

అతికించేటప్పుడు కొలత గుర్తుల దగ్గర రెండు కాగితాలకూ సూదితో ఎదురెదురు మూలల్లో చిల్లులు పెట్టండి. ఆ చిల్లుల్లో సూదులు గుచ్చి కాగితాలను కలిపితే ముందూ వెనకా గీత తప్పకుండా కుదురుతాయి. నీళ్ల గమ్ము వద్దు, కాగితం వంకర పోతుంది. స్ప్రే గమ్ము గానీ గ్లూ స్టిక్ గానీ వాడి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద ఉంచాలి. కోత ఆ తరవాతే. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు పెట్టి, ఒక్కసారే గట్టిగా నొక్కకుండా తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి. కత్తెరతో కోస్తే అంచు ఎప్పుడూ అలలు అలలుగా వస్తుంది. తడి చేయి తగిలితే ఇంక్ చెదిరే రకమైతే పైన పారదర్శక యాక్రిలిక్ స్ప్రే పలచగా రెండు పూతలు వేయండి.

నల్ల అంచుల 1971 డిజైన్‌కు ఇంకో చిక్కు ఉంది. కోసిన చోట లోపలి తెలుపు కనిపిస్తుంది. మీ సొంత కార్డుకైతే అంచు వెంట నల్ల మార్కర్ గీసుకోవచ్చు. ఆ అలవాటు పొరపాటున కూడా అసలు 1971 కార్డుల దగ్గరకు తీసుకెళ్లకండి. వాటి అంచుకు రంగు తగిలిస్తే కార్డును మార్చినట్టే లెక్క, విలువ పడిపోతుంది.

రెండో దారి, ఫొటో ల్యాబ్. 4 × 6 అంగుళాల ప్రింట్‌లో రెండు కార్డుల ముఖాలు పక్కపక్కన పడతాయి. రంగులు బాగుంటాయి, ఖర్చు బహు తక్కువ. కానీ కాగితం పలచన, వెనక అట్ట మీరే అతికించాలి, మెరుపు మరీ ఎక్కువ. 1990ల తరవాతి మెరిసే డిజైన్లకు, ఫ్రేములో పెట్టి చూపించడానికి సరే. పాత సెట్‌లో పెడితే మాత్రం వెంటనే వేరుపడిపోతుంది. ఎవరో వృత్తి ఫొటోగ్రాఫర్ తీసినట్టున్న బొమ్మను ల్యాబ్‌వాళ్లు కొన్నిసార్లు ప్రింట్ తీయనంటారు, అది కూడా గుర్తుంచుకోండి.

మూడోది, ఆన్‌లైన్ కార్డు ప్రింటింగ్ సేవలు. వీటిలో చాలావరకు పేకముక్కల కోసం పెట్టినవి. పోకర్ కొలత కూడా 2.5 × 3.5 అంగుళాలే కాబట్టి మనకు సరిపోతాయి. అయితే పేకముక్కలకు మూలలు గుండ్రంగా కోస్తారు. ఆర్డర్ పెట్టేముందు చదరపు మూలల ట్రేడింగ్ కార్డు రకం ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి. గుడ్డ అల్లికలా గరుకుగా ఉండే లినెన్ ఫినిష్ కాకుండా నునుపుది తీసుకోండి. ముందూ వెనకా కచ్చితంగా కుదరడం, అన్ని కార్డులూ ఒకే మందంలో రావడం వీటి బలం. ఒక్క కార్డు కోసం ఇది దండగ. ఒక జట్టులో ఏ కంపెనీ పట్టించుకోని బెంచి ఆటగాళ్లందరికీ, లేదా మీ పిల్లల లిటిల్ లీగ్ జట్టు మొత్తానికీ చేయాలంటే దీన్ని మించింది లేదు.

హైదరాబాద్, విజయవాడల్లో ఉండి ఈ సరదా ఉన్నవాళ్లకు విదేశీ పార్సిల్ కోసం ఎదురుచూసే పని లేదు. విజిటింగ్ కార్డులు వేసే డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో 12 × 18 అంగుళాల 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు షీటు మామూలే. అదనపు అంచుతో కలిపి ఒక షీటులో 18 కార్డులు పడతాయి. కోత వాళ్ల మెషిన్ మీదే చేయించుకోవచ్చు, కానీ ముందు ఒక షీటు నమూనా చూశాకే మిగతావి వేయించండి. టోనర్ అచ్చు కాబట్టి ముదురు అంచులు కోత దగ్గర పెచ్చులూడే అవకాశం ఉంది. తెల్ల అంచుల డిజైన్లకు ఈ ఇబ్బంది రాదు.

నాలుగోది చేత్తో గీయడం. దీన్ని పిల్లల పని అని తీసిపారేయకండి. 1953 టాప్స్ సెట్ మొత్తం చిత్రకారులు వేసిన బొమ్మలతోనే అచ్చయింది. ఆ సెట్‌లో లేని ఆరు నంబర్లకు ఫొటో ప్రింట్ అతకదు, రంగుల బొమ్మే అతుకుతుంది. బ్రిస్టల్ బోర్డు (బొమ్మలు వేసే నునుపైన మందపాటి కాగితం) ముక్క, నీటి రంగులు, సన్నని బ్రష్ చాలు. చేయి తిరిగినవాళ్లయితే కార్డుకు రెండింతల కొలతలో వేసి, స్కాన్ చేసి కుదించుకోండి. గీతల్లోని తడబాటు చాలావరకు కనిపించకుండా పోతుంది.

ఫొటో ఎక్కడిది, కార్డు ఎవరిది

1910ల నాటి ఆటగాళ్లకైతే అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒక నిధి. బెయిన్ న్యూస్ సర్వీస్ తీసిన బేస్‌బాల్ ఫొటోలు పెద్ద కొలతలో ఉచితంగా దొరుకుతాయి. 1887 నుంచి 1914 వరకు వచ్చిన కార్డులు సుమారు 2,100 అక్కడే చూడొచ్చు, డిజైన్ చదువుకోవడానికి అంతకన్నా మంచి బడి లేదు. ప్రచురించి 95 ఏళ్లు దాటినవి అమెరికాలో అందరి సొత్తు. 1905లో న్యూయార్క్ జెయింట్స్‌కు ఒకే ఒక్క ఆట ఆడి, బ్యాటు పట్టే అవకాశం కూడా రాని మూన్‌లైట్ గ్రాహమ్ లాంటివాళ్లకు టీ206 తరహాలో కార్డు చేస్తే డిజైన్ హక్కుల బెంగ ఉండదు.

1950ల తరవాతి సంగతి వేరు. డిజైన్, లోగో, ఫొటో, ఆటగాడి రూపం వేటికవే వేరువేరు హక్కులు. మీ బైండర్ కోసం ఒక కార్డు చేసుకోవడం వేరు, పది ప్రింట్లు తీసి అమ్మకానికి పెట్టడం వేరు. అమ్మకం జోలికి అసలు పోకండి. తోటి సేకర్తకు ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి.

ఎవరికిచ్చినా, మీ దగ్గరే ఉంచుకున్నా, వెనక అడుగున కస్టమ్ అనే మాట, చేసిన ఏడాది, మీ పొడి అక్షరాలు అచ్చులోనే ఉండాలి. స్టిక్కర్ కాదు, ఊడిపోతుంది. పెన్సిల్ కాదు, చెరిగిపోతుంది. ఖాళీగా ఉన్న పాత అట్ట దొరికినా దాని మీద ప్రింట్ తీయకండి. కాగితాన్ని టీ నీళ్లలో ముంచి పాతబడినట్టు చేయడం, మూలలు కావాలని అరగదీయడం కూడా వద్దు. కొత్తగా, మూలలు పదునుగా, ఈ ఏడాది చేసినట్టే కనపడనివ్వండి.